ఏ బైటు ముందు?

ఒక సంఖ్య మెమరీలో ఒకటికి మించిన బైట్లు ఆక్రమిస్తే, వాటి వరుసను నిర్ణయించేది ప్రాసెసర్. పెద్ద స్థానపు బైటు ముందుంటే బిగ్ ఎండియన్, చిన్న స్థానపు బైటు ముందుంటే లిటిల్ ఎండియన్. ఐబీఎం మెయిన్‌ఫ్రేములది మొదటి దారి, ఇంటెల్‌ది రెండోది. ఈ రెండో వరుస తెలుగునేల శాసనాలకు పాత అలవాటే. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేక సంవత్సరాన్ని కోరుమిల్లి శాసనం వేదాలు, సముద్రాలు, నిధులు అని చెబుతుంది. ఒకట్ల స్థానం నుంచి 4, 4, 9 వేసుకుంటే శక 944, అంటే క్రీ.శ. 1022. ఎడమ నుంచి చదివితే 449 అయి, దాదాపు ఐదు శతాబ్దాలు తప్పుతాయి.

కాప్రా ప్రాంతంలోని ఈసీఐఎల్ 1969లో తెచ్చిన టీడీసీ-12 కంప్యూటర్‌లో పదం పొడవు 12 బిట్లు. దానికి ఈ ప్రశ్నే లేదు. ఒక పదంలో రెండు బైట్లు పట్టే 16 బిట్ల యంత్రాల్లో మాత్రం ఏది ముందన్నది తేల్చుకోక తప్పదు. అదే సంస్థ 1975లో తెచ్చిన టీడీసీ-316 ఆ కోవలోదే.

వర్చువల్ పరికరాల్లో చిక్కు ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ పరికరం కూడా సాఫ్ట్‌వేరే. గెస్ట్ (వర్చువల్ యంత్రం)లోని డ్రైవర్, హోస్ట్ (దాన్ని నడిపే అసలు యంత్రం)లోని పరికరం ఒకే మెమరీని పంచుకుంటాయి. డ్రైవర్ 4096 బైట్ల బఫర్ ఇచ్చినప్పుడు దాని 32 బిట్ల పొడవును పరికరం తిరగేసి చదివితే 10,48,576 అవుతుంది. అప్పుడది బఫర్ దాటి పక్క మెమరీ మీద రాసేయవచ్చు.

రస్టీ రస్సెల్ లైనక్స్ కోసం రూపొందించిన వర్టియో అనే వర్చువల్ పరికరాల ప్రమాణంలో తొలి నియమం తేలికగా కనిపించేది: అన్నీ గెస్ట్ సొంత వరుసలో ఉండాలి. పవర్ ప్రాసెసర్లు రెండు వరుసల్లోనూ నడవగలవు కనుక ఆ నియమం నిలవలేదు. హోస్ట్ ఒక తీరు, గెస్ట్ మరో తీరు అయితే, గెస్ట్ ఏ వరుసలో ఉందో పరికరమే ఆరా తీయాల్సి వచ్చింది. వర్టియో 1.0 ఆ ఊహాగానాన్ని తీసేసి, తన నిర్మాణాలన్నిటికీ లిటిల్ ఎండియన్‌ను స్థిరపరిచింది. ఇది సరైన నిర్ణయం.

పాత పరికరాలు మిగిలే ఉన్నందున డ్రైవర్ రెండు నియమాలూ పాటించాలి. కొత్త నియమానికి ఒప్పుకున్నట్టు తెలిపేది 32వ ఫీచర్ బిట్. ఆ ఒప్పుకోలు పరికరానికి చేరకముందే డ్రైవర్ కాన్ఫిగరేషన్ చదివితే, బిగ్ ఎండియన్ గెస్ట్‌లో 512 బైట్ల బ్లాకు 1,31,072గా కనిపించవచ్చు. ఈ తరహా లోపాన్ని లైనక్స్‌లో 2021లో సరిదిద్దారు: ఆ బిట్‌ను ముందే పరికరానికి రాసి, తర్వాతే చదువుతారు.

మంచి డ్రైవర్‌లో మార్పిడి సరిహద్దు దగ్గరే, ఒక్కసారే జరుగుతుంది. లోపలి లెక్కలన్నీ ప్రాసెసర్ సొంత వరుసలో సాగుతాయి. పంచుకునే నిర్మాణాల్లోని అంకెలకు లైనక్స్ వేరే టైపులు కేటాయించింది. కొత్త నియమం అమల్లో ఉన్న ఎక్స్86 యంత్రంపై బైట్లను తిప్పే పనే ఉండదు. అందుకే అక్కడ మార్పిడి మరిచిపోయినా పరీక్షలన్నీ నెగ్గుతాయి. ఆ తప్పును నడపకుండానే పట్టేది స్పార్స్ అనే తనిఖీ సాధనం: లిటిల్ ఎండియన్ టైపును మామూలు పూర్ణాంకంతో కలిపితే అది హెచ్చరిస్తుంది.