నివాళి కూడా వార్తే

శ్రీలంక ఇంగ్లిష్ పత్రికల్లో నేను ఇష్టంగా చదివేది ‘అప్రీసియేషన్స్’ శీర్షిక. పోయినవాళ్ల గురించి పాఠకులే రాసి పంపే నివాళులవి. పేరున్న డాక్టరు పక్కనే ఎవరికీ తెలియని బడి మాస్టారూ కనిపిస్తారు. రాసేది శిష్యుడో, తోటి ఉద్యోగో, మేనకోడలో. కలం పట్టి బతికేవాళ్లు కారు. అయినా వాటిలో మంచివి చదివితే ఆ మాస్టారు తరగతిలోకి ఎలా వచ్చేవారో, కోపం వస్తే ఏం చేసేవారో తెలిసిపోతుంది.

నివాళి రాయడం నా వృత్తిలో భాగం. సాయంత్రం డెస్క్ నుంచి ఫోను వస్తుంది: “ఫలానాయన పోయారండీ, గంటలో ఇవ్వగలరా?” ఆ తొందరలో చేతికి తగిలేవి అరిగిపోయిన మాటలే. బహుముఖ ప్రజ్ఞాశాలి, అజాతశత్రువు, తీరని లోటు. పేరు మార్చి ఇంకొకరికి అతికించినా అతుక్కుంటాయి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. పేరు కొట్టేసి చదివినా, ఎరిగినవాళ్లు ఇది ఫలానా మనిషేనని పోల్చుకోవాలి.

ఈ విద్యలో ఆరితేరినవారు డి.బి. ధనపాల. 1947లో మొదలైన సింహళ పత్రిక ‘లంకాదీప’కు తొలి సంపాదకులు. ‘జానస్’ అనే కలం పేరుతో ఆయన ఇంగ్లిష్‌లో రాసిన ప్రముఖుల రేఖాచిత్రాలు ఇప్పటికీ అక్కడివారి నోళ్లలో ఉన్నాయి. బతికున్నవాళ్లను ఉన్నదున్నట్టు చూపించడం అలవాటైన చెయ్యి, పోయినవాళ్ల గురించీ కల్పించి రాయదు. నివాళికి సాధన మనిషి బతికుండగానే మొదలవ్వాలని నేను నేర్చుకున్నది ఇలాంటి రచనల నుంచే.

అయితే ఆ దేశంలో పత్రికలు తమవాళ్లకే నివాళి రాసుకోవలసిన రోజులు వచ్చాయి. ‘సండే లీడర్’ సంపాదకుడు లసంత విక్రమతుంగను 2009 జనవరి 8న కొలంబో శివార్లలో, ఆఫీసుకు వెళ్తుండగా మోటార్ సైకిళ్లపై వచ్చినవాళ్లు చంపేశారు. మూడు రోజుల తర్వాత, ఆదివారం సంచికలో ఆయన పేరుతోనే సంపాదకీయం వచ్చింది. తనను చంపేది ప్రభుత్వమేనని అందులో ఉంది. తన మరణవార్తకు తనే వాంగ్మూలం ఇచ్చుకున్న సంపాదకుడు ఆయన. ఆ హత్యకు ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు.

జాఫ్నాలోని తమిళ దినపత్రిక ‘ఉదయన్’ ఆఫీసులోకి 2006 మే 2న సాయుధులు చొరబడి ఇద్దరు ఉద్యోగులను కాల్చి చంపారు. మర్నాడు ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినం. ఆ ఏడు యునెస్కో దాన్ని జరిపింది కొలంబోలోనే. గోడల మీద తూటాలు చేసిన గుంతలను ‘ఉదయన్’ వాళ్లు పూడ్చకుండా అలాగే ఉంచారు. పోయినవాళ్ల ఫొటోలూ గోడ మీదే ఉన్నాయి. ఫొటోకు దండ వేసి ఊరుకోకుండా సాక్ష్యాన్నీ కాపాడారు. నివాళి ఎలా రాయాలో ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నాకు తెలియదు.

ఇక నివాళి రాయడానికే వీల్లేని మనిషి ప్రగీత్ ఎక్నలిగోడ. కార్టూనిస్టు, కాలమిస్టు. 2010 జనవరి 24న, అధ్యక్ష ఎన్నికలకు రెండు రోజుల ముందు మాయమయ్యారు. ఆయన భార్య సంధ్య ఆనాటి నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. న్యాయం జరగలేదని 2022లో కొలంబోలోని కాళికాదేవి గుడి దగ్గర గుండు చేయించుకుని నిరసన తెలిపారు. అలాంటి ఇంటికి సంతాపం చెప్పి చేతులు దులుపుకోవడం మరో అన్యాయం.

ఇవన్నీ చదివాక నా పని గురించి నాకు ఒక సంగతి తేటపడింది. పుట్టిన తేదీ, పోయిన తేదీ, చేసిన పని ఎంత నిక్కచ్చిగా రాస్తామో, ఎలా పోయారు, కేసు ఎక్కడ ఆగింది అన్నదీ అంతే నిక్కచ్చిగా రాయాలి. తేలకపోతే మరుసటి వర్ధంతికి మళ్లీ రాయాలి. పొగడ్తలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ‘కేసు ఇంకా తేలలేదు’ అన్న ఒక్క వాక్యాన్ని ఏటా గుర్తుపెట్టుకుని అచ్చు వేయవలసింది మాత్రం పత్రికే.