వర్ణక్రమము - పఠనక్రమము

శిశువునకు నక్షరములు నేర్పు విధానమును విమర్శించునపుడు రెండు క్రమములను వేఱుపఱిచి చూడవలయును. వర్ణములను శాస్త్రజ్ఞుఁడు కూర్చిన క్రమ మొకటి. చదువ నేర్చువాని బుద్ధికిఁ దగిన క్రమము మఱియొకటి. కంఠము మొదలు పెదవులవఱకు నుచ్చారణస్థానముల ననుసరించి సాగు మన వర్ణమాల మొదటిదానికి మేలైన యుదాహరణము. అయినను శాస్త్రమునకుఁ గ్రమమైనది బోధనకును గ్రమము కావలయునను నియమము లేదు. 56 అక్షరములను వరుసగా వల్లించిన పిమ్మటఁ గాని పదమును జూపని పద్ధతిలో, ఌకారమును ఙకారమును బలుమాఱు దిద్దిన బాలుఁడు తన పేరును జదువలేకుండుట సంభవించును.

చిన్నయసూరి బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుఁగునకు 36 వర్ణములని లెక్కించెను. ఈ లెక్క వ్యాకరణమునకై చేసినదే యైనను బోధకునకుఁ గూడ నుపకరించును. హైదరాబాదులోని యిరుగుపొరుగు పేటలైన అమీర్‌పేట, పంజగుట్టల పేరులనే పరిశీలింపుఁడు. ఆ 36 వర్ణములకు వెలియైన దొక్కటియు వానిలో లేదు. అయినను గుడిదీర్ఘము, ఏత్వము, కొమ్ము, పొల్లు, సున్న, ద్విత్వము నన్నియుఁ గలవు. 'పం' అనుచోటి సున్న జకారము ముందుండుటచే ఞకారధ్వనిఁ బొందును. 2017లో మొదటి పేటకును 2018లో రెండవదానికిని మెట్రోరైలు వచ్చినది. అనుదిన మా దారిని బోవు బాలున కీ రెండు పేరులే చిన్న వాచకము.

పెద్దబాలశిక్ష మాటలను అక్షరసంఖ్యచే శ్రేణులు చేసినది. సంఖ్య కష్టమునకుఁ గొలత కాదు. 'పలక' మూఁడక్షరములదయ్యు సులభము. 'గుట్ట' రెండక్షరములదయ్యు వత్తుచేఁ గఠినము.

శిక్షణాలయములకుఁ బేరువడిన అమీర్‌పేట గల యీ నగరమున ఫోనిక్స్ అను ఆంగ్లధ్వనిబోధకు నేఁ డాదరము హెచ్చు. ఆంగ్లమున 26 అక్షరములు సుమారు 44 ధ్వనులకుఁ జాలవలయును. 'సీ, ఏ, టీ' యని యెంత వల్లించినను 'క్యాట్' అను మాట పుట్టదు. కావున నచ్చట నా బోధ యుచితమే. తెలుఁగున నక్షరము పేరే దాని పలుకు. అజంతమైన యక్షరమే పఠనమునకు మూలము. తెలుఁగునకుఁ దోఁబుట్టువైన కన్నడలిపిపై సోనాలీ నాగ్ 2007లోఁ బ్రకటించిన పరిశోధనము, అక్షరజ్ఞానము తొలి తరగతులతో ముగియక పై తరగతులకును సాగుననియు, హల్లు నచ్చును వేఱుపఱిచి వినెడి యెఱుక మెల్లగా నలవడుననియుఁ దెలిపినది.

ఆ యెఱుకకు మనకుఁ గల సాధనము గుణింతము. అదియే తెలుఁగు ధ్వనిబోధ. కాని 'కకు గుడి యిచ్చిన కి' యను పాటగా మాత్రమే సాగినచో దాని ఫలము నశించును. కకారగుణింత మప్పగించిన బాలుఁడు 'మి' యను నక్షరమును జదువలేకున్న, వాఁడు నేర్చినది రాగమే గాని లిపి కాదు. పరీక్షకుఁ డడుగవలసిన ప్రశ్న యిదియే.

2018 నాటి తెలంగాణ శాసనము పాఠశాలలలో 1 నుండి 10వ తరగతివఱకుఁ దెలుఁగును దప్పనిసరి చేసినది. ఇంట ఉర్దూ, హిందీలు పలుకు బాలురును నిఁక నీ లిపిని నేర్వవలసినవారే. వర్ణమాలను విడువుఁడని తాత్పర్యము కాదు. పదములు చదువ నేర్చిన పిమ్మటఁ బొందికను జూపినచో, బాలుఁడు దాని సౌందర్యమును దానే గ్రహించును.