పది మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు

2012 లండన్ ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు 701.1 పాయింట్లతో కాంస్యం వచ్చింది. వెండి పతకం తీసుకున్న ఇటలీ షూటర్ నికోలో కాంప్రియానీ స్కోరు 701.5. తేడా 0.4. ఫైనల్ లెక్కల్లో పాయింటులో పదోవంతు అంటే లక్ష్యపు కాగితం మీద పావు మిల్లీమీటరు. కాబట్టి ఆ రెండు పతకాల మధ్య దూరాన్ని ఒక్క గుండు మీదే కొలిస్తే ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరును మింగడానికి షూటర్ చెయ్యి వణకనక్కర్లేదు. ఒక పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంతో, తర్వాతిది 170 మీటర్ల వేగంతో బయలుదేరితే చాలు, పది మీటర్లు చేరేసరికి రెండోది దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి జారుతుంది. తక్కువ ధరలో లీవర్ రైఫిల్ కొని దాన్ని బాగు చేసుకునేవాళ్లు ఈ లెక్కను ముందు మనసులో పెట్టుకోవాలి. అంగడిలో అందరూ అడిగేది స్పీడెంత అని. అడగాల్సింది, ఆ స్పీడు గుండు గుండుకీ ఎంత మారుతుందని.

హైదరాబాద్‌లోని శేరిలింగంపల్లిలో ఇది ఊరికే వచ్చే చర్చ కాదు. అక్కడి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది. పదమూడేళ్లకే 2018లో జాతీయ ఛాంపియన్ అయిన పిస్టల్ షూటర్ ఈశా సింగ్‌కు ఈ ఆట మీద ఆసక్తి పుట్టింది గచ్చిబౌలిలోనే. పిల్లలు నేర్చుకుంటామనగానే తల్లిదండ్రులకు ఎదురయ్యేది ధర. పోటీల్లో వాడే విదేశీ రైఫిల్ రెండు లక్షల రూపాయలు దాటుతుంది. దాని గాలి సిలిండర్ నింపే ఖర్చు వేరు. స్ప్రింగుతో పనిచేసే లీవర్ రైఫిల్‌కు అందులో చిన్న భాగం చాలు. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం, గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు పత్రం మాత్రం చూపాలి. అర గ్రాము పెల్లెట్ 20 జౌళ్లు చేరాలంటే సెకనుకు 283 మీటర్ల వేగం కావాలి. ఒలింపిక్ స్థాయి రైఫిళ్లు 170, 175 దగ్గరే ఆగుతాయి, అంటే ఏడున్నర జౌళ్లు. ప్రపంచంలోకెల్లా గురి తప్పని తుపాకులు మన చట్టం అనుమతించే బలంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువతో సరిపెట్టుకుంటుంటే, పెట్టె మీద అచ్చేసిన స్పీడు అంకెకు ఇచ్చే డబ్బు దండగ. ఆ అంకె కూడా తరచుగా మామూలు సీసం పెల్లెట్‌తో కాక, తేలికపాటి మిశ్రలోహం పెల్లెట్‌తో కొలిచిందై ఉంటుంది.

లీవరే ఎందుకు? చవక గాలి తుపాకుల్లో ఎక్కువ భాగం బ్యారెల్‌ను మధ్యలో వంచి స్ప్రింగు బిగించేవి. వంచిన బ్యారెల్ ప్రతిసారీ తన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగి రావాలి. కీలు అరిగిన కొద్దీ రాదు. పక్కన గానీ కింద గానీ లీవర్ ఉన్న రైఫిల్లో బ్యారెల్ కదలదు. లీవర్ లాగితే పిస్టన్ వెనక్కి జరుగుతుంది, స్ప్రింగు ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. ఇందులో బరువెక్కువ, ధర కూడా కాస్త ఎక్కువ. ఆ అదనపు ధర ఇవ్వదగ్గదే. పాతది కొంటే మూడు సంగతులు చూడాలి. లీవర్ కీలులో ఊగులాట ఉందా? తెరిచిన లీవర్ దానంతటది మూసుకోకుండా ఆపే భద్రత పట్టు పనిచేస్తోందా? బ్యారెల్ చివర దెబ్బ తగిలిందా? భద్రత పట్టు లేని రైఫిల్‌ను ఎంత తక్కువకిచ్చినా కొనకూడదు. పెల్లెట్ పెడుతున్న వేలు అక్కడే ఉంటుంది.

ఇక ట్యూనింగ్. అన్నిటికంటే ముందు తుపాకీని విప్పకుండా చేసే పనులున్నాయి. చాలామంది వాటిని దాటేసి నేరుగా స్ప్రింగు మీద పడతారు. కర్ర దిమ్మెకు బిగించిన స్క్రూలు వదులైతే ఏ రైఫిలైనా గుళ్లు చెల్లాచెదురుగా వేస్తుంది. ఫ్యాక్టరీ నూనె నిండిన బ్యారెల్లోంచి గుడ్డ ముక్కలు లాగి శుభ్రం చేయాలి. బ్యారెల్ మొదట్లో గాలి కారుతోందా అని పలుచని టిష్యూ కాగితం ముక్క అడ్డం పెట్టి చూడాలి. పేల్చినప్పుడు అది ఎగిరితే రబ్బరు రింగు మార్చాలి. నాలుగు రకాల పెల్లెట్లు తెచ్చి, ఒక్కో రకంతో ఐదేసి గుళ్లు వేసి, ఏది దగ్గరగా గుంపు కడుతుందో చూడాలి. కాగితం మీద శుభ్రమైన చిల్లు పడాలంటే బల్లపరుపు తల ఉన్న పెల్లెట్ మంచిది. ఇంతవరకు చేసినా గుంపు బిగియకపోతేనే లోపలికి వెళ్లాలి. బిగిసి ఉన్న స్ప్రింగును చేత్తో వదలడం ప్రమాదం, స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ బిగింపు లేకుండా విప్పకూడదు. లోపల కనిపించేది సాధారణంగా చవకదనపు గరుకే. సిలిండర్ గాడుల అంచుల మీద లోహపు మొనలు మిగిలి పిస్టన్ సీలును కోస్తుంటాయి. వాటిని సన్నని వాటర్ పేపరుతో నున్నగా చేయాలి. స్ప్రింగు కొసలను చదును చేసి మెరుగు పెట్టాలి. స్ప్రింగు లోపలి గైడ్ వదులుగా ఉంటే ప్రతి పేలుడుకూ స్ప్రింగు గలగలమంటూ కొట్టుకుంటుంది. బాలానగర్‌లో ఏ లేత్ పనివాడైనా నైలాన్‌తో సరిగ్గా పట్టే గైడ్ తిప్పి ఇవ్వగలడు. తర్వాత స్ప్రింగుకు జిగట గ్రీజు పలుచగా, పిస్టన్ పక్కలకు మాలిబ్డినం పేస్టు ఇంకా పలుచగా రాయాలి. సీలు ముందు గదిలోకి మామూలు నూనె చుక్క కూడా పోకూడదు. పిస్టన్ ముందుకు దూకినప్పుడు నలిగిన గాలి వేడెక్కి ఆ నూనెను మండిస్తుంది. గుండు వేగం ఒక్కోసారి ఒక్కోలా మారిపోతుంది, సీలు కాలిపోతుంది. ట్రిగ్గర్‌ను తేలిక చేయాలని కొక్కెం అంచును ఆకురాయితో అరగదీసేవాళ్లుంటారు. అది ట్యూనింగ్ కాదు, తుపాకీ తనంతట తాను పేలే ఏర్పాటు. ట్రిగ్గర్‌కు స్క్రూతో సర్దుబాటు ఉంటే సర్దాలి, లేకపోతే ఉన్నట్టే వాడుకోవాలి.

స్ప్రింగు రైఫిల్ కాలం చెల్లిన సరుకు, దాని మీద ఇంత శ్రమ ఎందుకని కోచ్‌లు అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. పోటీల్లో ఇప్పుడంతా సిలిండర్‌లో నింపిన గాలి రైఫిళ్లే. స్ప్రింగు రైఫిల్లో పిస్టన్ ముందుకు ఉరికితే తుపాకీ వెనక్కి, పిస్టన్ ఆగగానే ముందుకు, రెండుసార్లు కుదుపుతుంది. ఇదంతా పెల్లెట్ బ్యారెల్ దాటకముందే మొదలవుతుంది. దాన్ని తప్పించడానికే జర్మనీ ఫైన్‌వెర్క్‌బావ్ 300 మోడల్లో యంత్రభాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారేలా చేశారు. 1970లలో పోటీలను ఏలిన ఆ రైఫిల్ కూడా పక్క లీవర్, స్ప్రింగు రకమే. మామూలు రైఫిల్లో ఆ జారుడు షూటర్ చేతుల్లో జరగాలి. గట్టిగా బిగించకుండా, ప్రతిసారీ ఒకే వదులుతో పట్టుకోవాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి వదలకూడదు. ఖరీదైన రైఫిల్ ఈ తప్పులను చాలావరకు దాచిపెడుతుంది, స్ప్రింగు రైఫిల్ అప్పటికప్పుడే కాగితం మీద పెడుతుంది. నేర్చుకునే మొదటి రెండేళ్లకు ఇదే తగిన గురువని నా అభిప్రాయం. రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్లే రోజున మార్చక తప్పదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. నల్లగండ్లలో, కొండాపూర్‌లో ఫ్లాటు పక్కన ఫ్లాటు ఉన్న చోట ఈ తుపాకీ ఏమిటని. లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన ఇది బొమ్మ కాదు. ఏడు జౌళ్లు కన్ను పోగొట్టడానికి ఎక్కువే. బాల్కనీ పావురాల మీద సరదాగా గురిపెట్టేవాళ్ల వల్లే ఈ ఆటకు చెడ్డ పేరు. యూనివర్సిటీ చుట్టుపక్కల తిరిగే నెమలి మీద పేలిస్తే, 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు వెళ్లాల్సిందే. ఈ అభ్యంతరానికి నా జవాబు రేంజ్. పేల్చేది అక్కడ మాత్రమే, పెల్లెట్లు పట్టే ఉక్కు పెట్టె ముందు. ఇంట్లో చేసేది ఖాళీ రైఫిల్‌ను భుజానికెత్తి నిలబడే సాధన. అందులోనూ లీవర్ లాగి పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు. అడ్డు లేని పిస్టన్ సిలిండర్ గోడకు గుద్దుకుని పాడవుతుంది. సీసం ముట్టిన చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు, ముఖ్యంగా పిల్లలు.

ట్యూనింగ్ ఎక్కడ ఆపాలో చెప్పేది గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. కొత్త గ్రీజు కుదురుకోవడానికి వందా రెండు వందల గుళ్లు వేశాక పది గుళ్ల వేగం కొలవాలి. అతి ఎక్కువకీ అతి తక్కువకీ తేడా సెకనుకు ఐదు మీటర్ల లోపు ఉంటే తుపాకీని మళ్లీ తెరవనక్కర్లేదు, మిగిలిన డబ్బు పెల్లెట్లకే పెట్టవచ్చు. సగటు వేగం మునుపటికంటే కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. మండే నూనె పోయిందని దాని అర్థం. కొన్ని వేల గుళ్ల తర్వాత ఆ సగటు మెల్లగా పడిపోతుంటే స్ప్రింగు అలసినట్టు. అప్పుడు అదే బలమున్న స్ప్రింగు వేయాలి, ఇంకా గట్టిది కాదు.