గార వెనక వైపు

ఇంగ్లండులో ఉమ్మడి గోడలతో వరసగా కట్టిన విక్టోరియా కాలపు ఇళ్లకు రెండు అందాలుంటాయి. వీధిలో నిలబడితే కనిపించేది ఒకటి. రెండోది ఇల్లు విప్పితే తప్ప బయటపడదు. పాత సీలింగు దించి ప్లాస్టర్‌బోర్డు కొట్టే రోజున, గదిలోకి పొడుచుకొచ్చిన చిమ్నీ దిమ్మను పడగొట్టే రోజున, ఒక్క పూట కళ్లబడి చెత్తబండి ఎక్కేస్తుంది. నా మటుకు నాకు ఆ రెండోదే గొప్పది. లండన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కొనుక్కునే ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి ఆ పూట ఏం చూడాలో చెప్పాలనిపిస్తుంది.

సీలింగుతో మొదలుపెడతాను. దూలాల అడుగున అంగుళం వెడల్పు చెక్క బద్దల్ని, నడుమ సన్నటి సందు విడుస్తూ, అడ్డంగా మేకులతో కొడతారు. బాగా పాత పనిలో ఆ బద్దలు రంపానికి కోసినవి కావు, నార వెంట చీల్చినవి. చెట్టు ఎక్కడ ఒంపు తిరిగిందో బద్దా అక్కడ తిరుగుతుంది. వాటికి కింది నుంచి సున్నపు గార పూస్తారు. సున్నం, ఇసుక, వాటిలో ఆవు వెంట్రుకలో మేక వెంట్రుకలో కలిపి. పనివాడు తల పైకెత్తి తాపీతో అదిమితే తడిగార సందుల్లోంచి పైకి పొంగి, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు వచ్చి, బద్దల వీపు మీదికి వాలి అక్కడే బిగుసుకుంటుంది. ఆ వాలిన ముద్దలే సీలింగుకు పట్టు. కింద కనిపించే అంత బరువూ వందేళ్లకు పైగా వాటిని పట్టుకునే వేలాడుతుంది.

పైగది నేలపలక ఒకటి లేపి టార్చి వేసి చూడండి. పొగ మసి, దుమ్ము పరుచుకున్న చీకట్లో ఆ ముద్దలు వరసలు వరసలుగా పడుకుని ఉంటాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. ఎక్కడ చెయ్యి బలంగా అదిమిందో, ఎక్కడ భుజం అలిసిందో ఊహించుకోవచ్చు. ఎవరూ చూడరని తెలిసిన చోట చేసిన పని కాబట్టి ఇందులో మెప్పించాలన్న ఆరాటం లేదు. కింది మొహానికి మాత్రం మూడు పూతలు. మొదటిదాన్ని పచ్చిగా ఉండగానే గీతలు గీసి వదులుతారు, రెండోదాన్ని మట్టం చేస్తారు, మూడోదాన్ని నునుపు చేస్తారు. ముందు గదికైతే నడుమ ఆకులూ పువ్వులూ పోతపోసిన గుండ్రటి పతకం. మన ఆలంకారికులు కావ్యంలో ధ్వని అన్నది నాకు ఇక్కడ కనిపిస్తుంది. పతకం చెప్పేదంతా పైకే చెబుతుంది. దాన్ని నిలబెట్టేది మాత్రం చెప్పకుండా వెనక ఉండిపోయింది.

చేత్తో మట్టం చేసిన గార అద్దంలా చదునుగా ఉండదు. చలికాలపు ఎండ కిటికీలోంచి వాలుగా వచ్చి తాకితే ఆ సన్నటి ఎత్తుపల్లాల మీద వెలుగు కదులుతుంది. బోర్డు సీలింగు మీద అదే వెలుగు పడి ఊరుకుంటుంది. బోర్డు చవక, తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ నెర్రెలిచ్చిన ప్రతి సీలింగునూ దించక్కర్లేదు. పట్టు వదిలిన చోట రేకు బిళ్లలు పెట్టి మరలతో దూలాలకు బిగించి, పైన పూత పూసి నిలబెట్టవచ్చు. అది చేయగలిగిన చోట కూడా దించేయడం నాకు మనసొప్పదు.

చిమ్నీ దిమ్మది వేరే స్వభావం. బయటికి మొరటు ఇటుక పని. లోపల మాత్రం గదిలో చలిమంట వేసే ప్రతి నెగడుకూ దాని పొగదారి దానిదే. కింది గది పొగదారి పైగది నెగడును తప్పించుకుంటూ పక్కకు వంగి, మళ్లీ నిటారుగా లేచి, మిగతావాటి సరసన చేరి కప్పు దాటుతుంది. రెండు దారుల నడుమ అడ్డం సన్నటి ఇటుక తెర ఒక్కటే. దిమ్మను పైనుంచి ఒక్కొక్క వరసే విప్పుతూ వస్తే ఆ ఒంపులు తెరుచుకుంటాయి. లోపలి పూతలో సున్నంతో పాటు ఆవుపేడ కలిపేవారు. పేడతో అలికిన వాకిళ్లు తెలిసిన మనకు ఆ గోడ ఒక్కసారిగా దగ్గరవుతుంది.

ఆ ఒంపుల్ని మెచ్చుకుంటూ ఉండగానే వాటిలోకి పాకిన పిల్లలు గుర్తొస్తారు. మసి దులపడానికి చిన్నవాళ్లనే లోపలికి ఎక్కించేవారు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి పొగదారిలో ఇరుక్కుని జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ ఏడాదే చిమ్నీ పనివాళ్లకు పోలీసుల లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇటుకల నేర్పును పొగిడేవాడు ఈ పేరు కూడా పలకాలి.

సీలింగూ దిమ్మా కలిసే చోట ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. పైగది నెగడు ముందు రాతిపలకను చెక్క దూలాల మీద పెడితే నిప్పుకు భయం. అందుకని దూలాల్ని అక్కడ పొట్టి చేసి, అడ్డదూలానికి తగిలించి, దిమ్మ నుంచి ఆ అడ్డదూలం దాకా ఇటుకలతో సగం కమాను తిప్పుతారు. పైన పలక కప్పేస్తుంది, కింద గార కప్పేస్తుంది. కట్టిన రోజున తప్ప దాన్ని చూసినవాళ్లు లేరు. సీలింగు దించాక అది తల మీద, మసి అంటని ఎర్రటి ఇటుకతో, సున్నపు అతుకులు తెల్లగా, నిండుగా కనిపిస్తుంది. సగమే అయినా పూర్తి రూపం.

దిమ్మ తీయాలనే అనుకుంటే పైభాగానికి ఆధారం పెట్టకుండా కింది భాగం కొట్టేయకండి. పైన మిగిలిన ఇటుకంతా ఉక్కు దూలం మీదికి ఎక్కాలి, దానికి ఇంజినీరు లెక్క కట్టాలి, కౌన్సిలు అనుమతి కావాలి, ఉమ్మడి గోడ గనక 1996 నాటి చట్టం ప్రకారం పక్కింటివాళ్లకు నోటీసు వెళ్లాలి. కూల్చే ముందు ఆ సగం కమానును కనీసం ఫోటో తీయండి. ఇటుకల్ని పారేయొద్దు. సున్నంతో కట్టినవి కాబట్టి తాపీ అంచుతో గీకితే అతుకు శుభ్రంగా ఊడి వస్తుంది, మళ్లీ కట్టుకోవచ్చు. పొగదారి వైపు మసి పీల్చినవాటిని మాత్రం గదిలో వాడకండి, ఎంత పూత పూసినా గోధుమరంగు మరక పైకి వస్తుంది. పెరటి గోడకు అవి పనికిరావచ్చు.