మన వాఙ్మయమున కడుపునొప్పి

ఒక జాతి దేనిని గౌరవించునో, దేనిని దాచునో తెలిసికొనుటకు ఆ జాతి మాటలను పరిశీలించిన చాలును. తెలుగున "కడుపు" అను మాటకు గల వైభవము సామాన్యమైనది కాదు. గర్భవతిని కడుపుతో ఉన్నదందుము. బిడ్డ పుట్టిన కడుపు పండినదందుము. బిడ్డపై మమత కడుపుతీపి. బిడ్డను కోల్పోయిన దుఃఖము కడుపుకోత. ఈ పలుకుబళ్లన్నియు బిడ్డ చుట్టు తిరుగునవే. బిడ్డతో నిమిత్తము లేక నెలనెలా స్త్రీ అనుభవించు బాధకు మాత్రము "కడుపునొప్పి" అను మాటయే మిగిలినది. అజీర్తికిని అదే మాట. మన బాగలూరు, హోసూరు ప్రాంతమున మూడు భాషలు వినబడును. తమిళుల "వయిత్తువలి"యు, కన్నడిగుల "హొట్టెనోవు"ను ఇట్టివే. మూడు భాషల నడుమ బ్రదుకుచున్నను ఆ బాధను వేరుపరచి చెప్పు మాట మన ఆడుబిడ్డకు దొరకుట లేదు.

నేను వైద్యుడను కాను, పండితుడనును కాను. మెట్రిక్యులేషను చదివి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కావున వైద్యము చెప్పుట నా ఉద్దేశము కాదు. మన సాహిత్యము, మన సామెత, మన ఇంటిమాట ఈ బాధ పట్ల ఎట్లు ప్రవర్తించినవో విమర్శించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ప్రబంధమునకు అష్టాదశ వర్ణనలు విధించిరి. అందు కుమారోదయ వర్ణన యొకటి. కావుననే గర్భిణి చెక్కిళ్ల పాలిపోత మొదలు వేవిళ్ల వరకు మన కవులు ముచ్చటగా వర్ణించిరి. బిడ్డ రాకను సూచించు బాధ వర్ణనీయము. రాని బిడ్డను గూర్చిన బాధ నోమునకును వ్రతమునకును కారణము. ఈ రెంటికిని చెందని బాధకు కావ్యమున తావు లేదు. భారతమున సభాపర్వమును చూడుడు. ద్రౌపది రజస్వలయై ఏకవస్త్రయై ఉన్న వేళ దుశ్శాసనుడు ఆమెను సభకు ఈడ్చెను. ఆ స్థితిని చెప్పుట అతని పాపము యొక్క బరువు తెలుపుటకే గాని, ఆమె దేహమునకు కలిగిన క్లేశమును తెలుపుటకు కాదు. కవిని తప్పుపట్టుట నా అభిమతము కాదు. ఆనాటి దృష్టి అట్టిది. నేటి మన దృష్టియు అట్లే ఉండుట విచారింపదగినది.

సామెత మరింత కఠినమైనది. "గొడ్రాలికేమి తెలియును బిడ్డనొప్పి" అందుము. నొప్పి తల్లికే చెందిన సొత్తు అని దీని భావము. ఈ సామెత ఎంత అన్యాయమైనదో తెలియవలెనన్న ఒక వ్యాధిని గూర్చి తెలిసికొనవలెను.

ఆ వ్యాధి పేరు ఎండోమెట్రియోసిస్. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలము ఆ సంచికి వెలుపల, అండాశయములపైనను, పొత్తికడుపు లోపలి పొరపైనను, ఒక్కొక్కప్పుడు పేగులపైనను, మూత్రకోశముపైనను పెరుగుట దీని లక్షణము. అందువలన వాపు పుట్టును. కాలక్రమమున మచ్చకట్టి అవయవములు ఒకదానికొకటి అంటుకొనును. 1860లో వియన్నా నగరమున రోకిటాన్స్కీ అను శాస్త్రజ్ఞుడు దీనిని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను. 1920వ దశకమున జాన్ సాంప్సన్ అను అమెరికా వైద్యుడు దీనికి నేటి పేరు పెట్టెను. ముట్టు రక్తములో కొంత అండవాహికల గుండ వెనుకకు మరలి పొత్తికడుపున పడుటయే దీనికి మూలమని అతడు ప్రతిపాదించెను. అట్లు మరలుట పెక్కుమంది స్త్రీలలో జరుగునదే. వ్యాధి కొందరికే వచ్చుచున్నది. కావున కారణము నేటికిని పూర్తిగా తేలలేదు. ప్రపంచారోగ్య సంస్థ లెక్క ప్రకారము సంతానయోగ్యమైన వయసులో నున్న ప్రతి 10 మందిలో సుమారు ఒకరికి, అనగా లోకమున దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. బాధ మొదలైన నాటినుండి వ్యాధి పేరు బయటపడుటకు 4 మొదలు 12 సంవత్సరములు పట్టుచున్నదని కూడ ఆ సంస్థ చెప్పుచున్నది.

ఈ వ్యాధి గల స్త్రీలలో కొందరికి గర్భము నిలుచుట కష్టమగును. అనగా ఏ వ్యాధి ఆమెను గొడ్రాలనిపించినదో, ఆ వ్యాధియే పదుమూడేండ్ల ప్రాయమునుండి ఆమెకు నెలనెలా నొప్పి చూపియుండవచ్చును. ఆమెకు నొప్పి తెలియదని పలుకు సామెత సత్యమును తలక్రిందులు చేసినది.

ఆధునిక రచయితలు ఈ మౌనమును కొంత ఛేదించిరి. చలము "స్త్రీ" అను గ్రంథమున దాచిన సంగతులను చర్చకు తెచ్చెను. 1991లో "సవాలక్ష సందేహాలు" అను స్త్రీల ఆరోగ్య గ్రంథము వెలువడినది. దాని వెనుక వీణా శత్రుఘ్న మొదలగువారి కృషి కలదు. స్త్రీ సందేహము నవ్వదగినది కాదు, సమాధానమునకు అర్హమైనది అని ఆ పేరే చాటుచున్నది. 1993లో "నీలిమేఘాలు" సంకలనము స్త్రీవాద కవిత్వమును ఒకచోట చేర్చినది. కొండేపూడి నిర్మల "లేబర్ రూం" కవిత ప్రసవవేదనకు మనము వేసిన పూలదండను తొలగించి వేదనను వేదనగా చూపినది. ఇది గొప్ప మేలు. అయినను నేను చదివినంతలో, ఈ సాహిత్యమునను పురిటినొప్పికి దక్కిన స్థానము ముట్టునొప్పికి దక్కలేదు. కథలలో బహిష్టు వచ్చిన చోట మైల, మడి, వసారా మూల కనబడును. మూల కూర్చున్న బిడ్డ ముడుచుకొని ఏల పడియున్నదో కనబడదు. ఆచారమును ఖండించిన రచయిత అనారోగ్యమును గమనింపలేదు.

ఉద్యోగకాలమున సెలవు చీటీలు నమోదు చేయుట నా పనులలో నొకటి. స్త్రీలు కారణము దగ్గర "జ్వరము" అని వ్రాసెడివారు. నెలకొకసారి, ఇంచుమించు అవే తేదీలలో వచ్చు జ్వరము! అది అబద్ధమని ఎవ్వరును అనలేదు, నిజమనియు నమ్మలేదు. నిజము వ్రాయుటకు మాట లేనప్పుడు మనిషి మరియొక మాటను అరువు తెచ్చుకొనును. హాజరు పట్టీ నాకు నేర్పిన భాషాశాస్త్రమిది.

ఇంటిమాట చేయు కీడు ఇంకను గలదు. "పెండ్లియైన సర్దుకొనును, ఒక బిడ్డ పుట్టిన పోవును" అని పెద్దలు ఓదార్తురు. సంతానవైద్య నిపుణుల ఐరోపా సంఘము 2022లో వెలువరించిన మార్గదర్శకములు, ఈ వ్యాధికి చికిత్సగా గర్భము ధరింపుమని సలహా ఇయ్యరాదని స్పష్టముగా చెప్పినవి. బాధ తీరుటకై బాలికకు పెండ్లి చేయుట వైద్యము కాదు. మరియొక కొస "సంచి తీయించుట". 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశమున సుమారు 9, తెలంగాణమున సుమారు 8. వీరందరికిని ఈ వ్యాధి యని కాదు. కాని మన తెలుగు స్త్రీ బాధకు మొదట ఓర్పు, తుదకు కత్తి తప్ప నడుమ దారి చూపలేదనుటకు ఈ లెక్క చాలును. ఆ నడుమ దారి నేడు గలదు. నొప్పి తగ్గించు మాత్రలు, హార్మోను మందులు, అవసరమైన చోట గర్భాశయమును ఉంచియే చేయు శస్త్రచికిత్స ఉన్నవి. వ్యాధిని సమూలముగా తొలగించు మందు లేకున్నను బ్రదుకును నిలుపు ఉపాయములు గలవు.

ఇట్టి సంగతులు సంచికల కెక్కించుట ఏమి మర్యాద అని కొందరు పెద్దలు అడుగవచ్చును. గుట్టునకు విలువ గలదు; నేను కాదనను. కాని గుట్టు మనిషిని కాపాడవలెను గాని వ్యాధిని కాపాడరాదు. ముట్టునొప్పి యంతయు వ్యాధి యనుటయు తప్పే. అయితే బడి మానిపించు నొప్పి, సాధారణ మాత్రకు లొంగని నొప్పి, ఆ దినములలో మలమూత్ర విసర్జనమున కలుగు నొప్పి, దాంపత్యమున కలుగు నొప్పి, ఇవి సహింపవలసినవి కావు, వైద్యునికి చూపవలసినవి. స్కానులో ఏమియు కనబడకున్నను వ్యాధి లేదని తేలినట్లు కాదు.

మనబోటి అల్పసంఖ్యాక కుటుంబములకు మరియొక చిక్కు గలదు. బిడ్డ ఇంట తెలుగు మాటాడును. హోసూరు ఆసుపత్రిలో తమిళమున, బెంగుళూరు వైద్యుని యెదుట కన్నడముననో ఇంగ్లీషుననో చెప్పుకొనవలెను. ఇంటి భాషలోనే పలుకని మాట పొరుగు భాషలో ఎట్లు పలుకును? కావున ఎండోమెట్రియోసిస్ అను పొడుగాటి పేరునకు సంస్కృత సమాసము కట్టు శ్రమ మనకు వలదు. రైలు, పోస్టు, డాక్టరు మన మాటలైనట్లే అదియు మన నోట నలిగి మన మాట కానిండు. అంతకంటె ముందు, నొప్పి ఎప్పుడు వచ్చినది, ఎక్కడ వచ్చినది, ఎంతసేపున్నది, ఏ పని చెడినది అను నాలుగు సంగతులను తల్లి కూతురిని అడిగి, ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాయించిన, ఏ భాష వైద్యునికైనను అది చాలును.

తెలుగును కాపాడుకొనుటకు మనము సంఘములు పెట్టుకొంటిమి, సంచికలు వేయుచున్నాము. మన ఆడుబిడ్డ తన బాధను తెలుగున చెప్పుకొనగలిగిన నాడే ఆ శ్రమ సార్థకమని నా నమ్మకము.