చిరునామా లేని కోపము

కోపమును కాగితముమీద పెట్టుట యొక విద్య. సోమవారమునాడు ఆదోని సబ్ కలెక్టరు కార్యాలయమునకు ప్రజలు అర్జీలు పట్టుకొని వచ్చునపుడు, ఆ విద్య తెలిసినవారు చుట్టుప్రక్కలనే దొరకుదురు; ఒడిలో అట్ట, అట్టమీద కాగితము, ఎదుట ఎవరిదో యొక యాపద. నాది ఆ వృత్తి కాకున్నను, అడిగినవారికి అర్జీ వ్రాసిపెట్టు అలవాటు చిరకాలముగా నుండుటచేత, ఇటీవలి కాలమున ఆ విద్యకు సంభవించిన యొక విచిత్రమైన కొఱతను గమనించుచున్నాను. వెనుకటి మనిషి అర్జీకై వచ్చునపుడు నిండు కడవతో వచ్చెడివాడు. నేటివాడు నాలుగు దినములు ముందుగనే ఆ కడవను ఫోనులో కుమ్మరించి, తేలికపడి, ఇక చేయవలసిన దేదియో చేసినట్లే యన్న తృప్తితో, మిగిలిన తడి మాత్రము మోసికొని వచ్చుచున్నాడు.

ఎమ్మిగనూరు వైపు పల్లెనుండి వచ్చిన యువకు డొకడు తన వీథికి మంచినీరు రాని సంగతి చెప్పుచు, "వీడియో పెట్టినాం సార్. వేలమంది సూసినారు, అందరూ బాగా తిట్టినారు. నీళ్లు మాత్రం రాల్యా" అనెను. ఎవరిని అడిగితి వప్పా యంటిని. "అందర్నీ అడిగినాం సార్" అనెను. చిక్కంతయు ఆ మాటలోనే యున్నది. అర్జీకి మొదటి పంక్తి ఆ పని చేయవలసిన అధికారి హోదా. అది తెలియనిదే రెండవ పంక్తి లేదు. తరువాత అడుగువాని పేరు, ఊరు. ఏ వీథి, ఎన్ని యిండ్లు, ఏనాటినుండి, ఇంతకుమునుపు ఎవరికి చెప్పుకొనిరి, వారేమనిరి. తుట్టతుదకు, తాము కోరునది యేమి. 'ప్రభుత్వము నిద్రపోవుచున్నది' యను వాక్యమునకు ఈ కాగితములో ఎచ్చటను చోటుండదు, ఏలయన ఆ వాక్యమును చదివి ఫలానా పని చేయవలసినవాడెవడును లేడు. నేనడిగిన ప్రశ్నలలో సగమునకు ఆ యువకునియొద్ద సమాధానము లేకపోవుటచే అతడు ఊరికి మరలిపోయి, మరుసటి వారము వచ్చి, పైపు పగులలేదనియు, మోటారు స్టార్టరు కాలిపోయి పంచాయతీ గదిలో పడియున్నదనియు చెప్పెను. వీడియోలో తిట్లు తిన్నవారు మంత్రులు; స్టార్టరు బాగుచేయింపవలసినవారు మరియొకరు. అర్జీ వ్రాయుటలోని ప్రయోజనము సగము ఇదియే. అడుగుటకుముందు తెలిసికొనక తప్పదు.

ఇంతకంటె పెద్దది సుగ్గి. వానకాలపు పనులు ముగియగానే కోసిగి, మంత్రాలయము, పెద్దకడబూరు, ఆదోని ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములు బియ్యపు మూటలతో, బడి మానిన పిల్లలతో, గుంటూరు సీమ మిరపచేలకు తరలిపోవుటను మావైపు సుగ్గికి పోవుట యందురు. ఏటేట ఆ లారీల చిత్రములును, తాళములు వ్రేలాడు వీథుల చిత్రములును ఫోనులలో తిరుగును. చూచినవారి రక్తము మరగును. మిరపకోత ముగియుటకు చాల ముందే ఆ మరుగుట ముగియును. ఐతే 2005లో చేసిన ఉపాధి హామీ చట్టములో, పని కోరి దరఖాస్తు పెట్టినవానికి తేదీ వేసిన రసీదు ఇయ్యవలెననియు, 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి చెల్లింపవలెననియు, ఆ భృతి మొదటి 30 దినములకు కూలిలో నాలుగవవంతుకును, పిమ్మట సగమునకును తగ్గరాదనియు స్పష్టముగా వ్రాసిరి. ఈ యంత్రమంతయు తిరుగుటకు ఇరుసు ఆ రసీదు. అది లేనినాడు పదునైదు దినములు ఎన్నటికిని మొదలే కావు. నేనెరిగిన పల్లెలలో పని నోటిమాటగా అడిగిరి, లేదని నోటిమాటగానే చెప్పించుకొనిరి, లారీ ఎక్కిరి. లారీ వీడియోలు నాకు లెక్కకు మిక్కిలిగా వచ్చినవి. రసీదు ఇయ్యుమని పట్టుబట్టిన మనిషి వీడియో ఇంతవరకు ఒకటియు రాలేదు. రసీదుతో సుగ్గి ఆగునని నేననను. మిరపచేని కూలి యెక్కువ. తుంగభద్ర దిగువ కాలువ నీరు చివరి పొలమునకు చేరుట తక్కువ. కాని ఎంతమందికి పని దొరకక ఊరు విడిచిరో నిలదీసి చెప్పగల కాగితము ఆ రసీదుల కట్టయే.

ఫోనును నిందించి ఊరకుందునన్న అన్యాయమగును. దేవనకొండ మండలము కప్పట్రాళ్ల అడవిలో యురేనియము వెదకుటకై 68 చోట్ల బోర్లు వేయుదురన్న వార్త 2024లో పల్లెపల్లెకు ప్రాకినది ఫోనులమీదనే కావచ్చును. ఐనను ఆ జనులు అచ్చటితో ఆగక, నవంబరు మొదటి దినములలో కర్నూలు-బళ్లారి రహదారిమీదికి వచ్చి కూర్చుండిరి, బస్సులు నిలిచినవి, అనుమతి ఇయ్యబోమని ప్రభుత్వము చెప్పవలసి వచ్చెను. వార్త ఇంటినుండి లేపెను, లేచినవారు రోడ్డువరకు నడిచిరి. మనలో పెక్కుమందికి లేచుటయే నడకయైనది. (పత్రికలో వారము వారము వ్రాయువాడు ఈ మాట యనుట కొంత హాస్యాస్పదమే, నా కాలమ్ క్రిందను రసీదు ముద్ర పడదు.)

అదే యేడు ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినపుడు, ఆ నీటితో బ్రదుకు మాప్రాంతమున ఆ వారమంతయు ఎవరు కారకులన్న తిట్లతో ఫోనులు వేడెక్కినవి. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడుగారును, పేరు బయటికి రాని కార్మికులును పారుచున్న నీటిలోనే స్టాప్‌లాగు పలకలను ఒకదానిమీద నొకటి దింపి, 17వ తేదికి ఆ కంతను పూడ్చిరి. ఎవరు కారకులన్నది అడుగదగని ప్రశ్న కాదు. అది అడుగవలసిన రీతి వేరు. ఆ గొలుసును తుదిసారి పరీక్షించినది ఏ తేదిని, పరీక్షించిన అధికారి హోదా యేమి, ఆయన నివేదికలో వ్రాసిన దేమి, నకలు ఇయ్యగోరెదను. సమాచార హక్కు చట్టము క్రింద తుంగభద్ర బోర్డునకు ఇంత వ్రాసిన చాలును. రుసుము 10 రూపాయలు, గడువు 30 దినములు. సమాధానము రానిచో, వచ్చినది చాలనిచో, మొదటి అప్పీలు చేసికొనుటకు మరి 30 దినములు కలవు. దానికిని చాలని సమాధానము వచ్చినయెడల సమాచార కమిషనుకు పోవచ్చును. వ్రాయ నేర్వనివారు సోమవారము రావచ్చును.