‘బ్రేకింగ్ బ్యాడ్’ ముగింపు: మిగిలినవారి ఆశ

ఉపోద్ఘాతం:
నేరకథ ముగింపును విమర్శ సాధారణంగా నాయకుని దృష్టితోనే అంచనా వేస్తుంది. అతడు శిక్ష పొందాడా, పశ్చాత్తాపం చెందాడా అన్న చర్చలో, అతని చర్యల ఫలితాన్ని మోస్తూ బ్రతకవలసినవారు మరుగున పడతారు. విన్స్ గిలిగన్ సృష్టించిన అమెరికన్ ధారావాహిక ‘బ్రేకింగ్ బ్యాడ్’ 2008 నుండి 2013 వరకు 62 భాగాలుగా ప్రసారమైంది. క్యాన్సర్ సోకిన రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు వాల్టర్ వైట్, కుటుంబం కోసమంటూ మాదకద్రవ్యాల తయారీకి దిగి చివరి భాగంలో మరణిస్తాడు. మిగిలినవారికి ఆ ముగింపు ఆశను ఇచ్చిందా అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చివరి భాగంలో వాల్టర్ కొడుకుకు ధనాన్ని, భార్యకు ఒక కాగితాన్ని, శిష్యునికి తుపాకిని అందిస్తాడు. ఈ మూడింటి ఆధారంగానే ఈ ప్రశ్నకు సమాధానం వెదకవచ్చు.

ధనం:
చివరి భాగానికి ముందుభాగంలో తండ్రి పంపదలచిన సొమ్మును కొడుకు ఫోనులోనే తీవ్రంగా తిరస్కరిస్తాడు. అయినా వాల్టర్ తన పూర్వ భాగస్వాములను బెదిరించి, దాదాపు 97 లక్షల డాలర్లు వారి దానంగా కొడుకుకు చేరేలా ఏర్పాటు చేస్తాడు. ఇది త్యాగంగా కనిపించినా, కాదనే హక్కును కొడుకు నుండి లాక్కోవడమే. తెలియక స్వీకరించే ధనం సౌకర్యాన్ని ఇవ్వవచ్చు. దానిని ఆశ అనలేము.

సత్యం:
భార్య స్కైలర్‌కు ఇచ్చిన కాగితం ఇందుకు భిన్నమైనది. అందులోని అంకెలు ఆమె చెల్లెలు మరీ భర్త హ్యాంక్‌నూ, అతని సహచరుణ్ణీ ఎడారిలో పూడ్చిన చోటును తెలుపుతాయి. దానితో ప్రభుత్వ న్యాయవాదితో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. మరీకి భర్త దేహం దక్కవచ్చు. మృతులకు ఉత్తరక్రియలు జరగనిదే బ్రతికినవారి కథ ముందుకు సాగదని భారతంలోని స్త్రీపర్వం ఏనాడో చూపింది. తాను ఇదంతా తన కోసమే చేశానని వాల్టర్ ఒప్పుకోవడం కూడా ఈ సన్నివేశంలోనే జరుగుతుంది. ఆ ఒప్పుకోలు తరువాత, అతని నేరానికి తాను కారణమన్న భారం స్కైలర్ మోయనవసరం లేదు.

తిరస్కారం:
బందీగా ఉన్న జెస్సీ పింక్‌మన్‌ను విడిపించిన తరువాత, తనను చంపమని వాల్టర్ తుపాకి అందిస్తాడు. జెస్సీ దానిని క్రింద పడవేస్తాడు. వాల్టర్ మాటకు ఎన్నోమార్లు లొంగినవాడు ఇక్కడ తన నిర్ణయంతో ఆ కథ నుండి బయటపడతాడు. అతడు ఏడుస్తూ, నవ్వుతూ కారులో దూసుకుపోవడమే ఈ ధారావాహికలో ఆశకు అత్యంత స్పష్టమైన రూపం.

అయితే ఈ ఆశకు ఒక హద్దు ఉంది. జెస్సీని లొంగదీయడానికి దుండగులు కాల్చిచంపిన ఆండ్రియా కొడుకు బ్రాక్, చివరి భాగంలో చర్చకే రాడు. 2019లో వచ్చిన ‘ఎల్ కమీనో’ చిత్రంలో జెస్సీ అతనికి ఒక లేఖ పంపుతాడు. ధారావాహిక వదిలివేసిన ఋణాన్ని ఆ లేఖ గుర్తుచేస్తుందే గాని తీర్చదు.

ముగింపు:
నాయకుడు పథకం వేసి ఇచ్చిన ధనంలో ఆశ లేదు. అతడు దాచిన నిజం బయటపడిన చోట, అతని మాటను మరొకరు కాదన్న చోట మాత్రమే ఉంది. ఏ నిజమూ ఊరడించలేని, కాదనడానికి ఏమీ మిగలని పసివాని విషయంలో ఈ ముగింపు మౌనం వహించింది. వాల్టర్ ప్రశాంత మరణాన్ని చూసి దీనిని సంతృప్తికరమైన ముగింపుగా భావించే ముందు, విమర్శ ఆ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.